గుర్తు చెరిగిన భాగము

విరాటుని కొలువులో పాండవులు ఏడాదిపాటు మారుపేర్లతో మసలిరి. వేషమును చూచినవారెవ్వరును అర్జునుని పోల్చుకొనలేదు. గోగ్రహణమునాడు గాండీవము చేపట్టినంతనే బృహన్నల ఎవరో తెలిసిపోయెను. ఆ కథను తెనుగు చేసిన తిక్కన నెల్లూరి మనుమసిద్ధి కొలువులోనివాడు. వేషమును నమ్మక పనిని బట్టి పోల్చుకొనుట అను ఆ నీతి, పాత కంప్యూటరు మానిటరును బాగుచేయు వారికిని చక్కగా వర్తించును.

పిక్చరు ట్యూబు గల మానిటర్ల కాలము గడచిపోయినది. 1897లో జర్మనీ దేశపు బ్రౌన్ పండితుడు కనిపెట్టిన ట్యూబే వాటికి మూలము. నేడు వాటి చోట పలుచని తెరలు వచ్చినవి. అయినను పాతదానిని బ్రతికించుకొనవలెనను అవసరము ఎక్కడనో ఒకచోట కలుగుచుండును. మైపాడు, తుమ్మలపెంట, కృష్ణపట్నము వంటి తీరగ్రామములలో ఇది మరింత కష్టము. ఉప్పుగాలిలోని చెమ్మ బోర్డుపై పేరుకొని రాగిగీతలను పచ్చబరచును, లోహపు కాళ్ళను తినివేయును. ఏండ్ల తరబడి సోకిన వేడికి భాగములపై అచ్చువేసిన అక్షరములు మాసిపోవును. ఏదేని భాగము కాలిపోయినచో మసి తప్ప మరేమియు మిగులదు.

అక్షరములు నిలిచియున్నచో అవే తొలి ఆధారము. జపాను పద్ధతిలో ట్రాన్సిస్టరుపై ‘సి 1815’ అని మాత్రమే ఉండును; దాని పూర్తి పేరు ‘2ఎస్‌సి 1815’. ఐరోపా పద్ధతిలో ‘బియు 508’ అన్నచో, ‘బి’ సిలికానును, ‘యు’ అధికశక్తి గల స్విచ్చి ట్రాన్సిస్టరును తెలుపును. రెసిస్టరుపై పసుపు, ఊదా, ఎరుపు పట్టీలు వరుసగా ఉన్నచో దాని విలువ 4,700 ఓములు.

అక్షరములు చెరిగిపోయినపుడే అసలు పరీక్ష. బిళ్ళవలె గుండ్రముగా, రెండు కాళ్ళతో ఉన్నదెల్ల కండెన్సరు కాదు. ఫ్యూజు దాటిన పిమ్మట కరెంటు తీగలు రెంటికిని నడుమ అడ్డముగా ఉన్నచో అది వేరిస్టరు కావచ్చును. హఠాత్తుగా పెరిగిన వోల్టేజిని అది అణచును. ఒకే తీగలో వరుసగా ఉన్నచో, స్విచ్చి వేసిన క్షణమున విరుచుకుపడు కరెంటును నిలువరించు థర్మిస్టరు కావచ్చును. ట్యూబు చుట్టునున్న తీగచుట్టకు కలిపియున్నచో అది పాజిస్టరు.

ఈ కడపటిదాని పని విచిత్రమైనది. భూమి యొక్క అయస్కాంతశక్తి సోకి ట్యూబులోని లోహపు జల్లెడ అయస్కాంతమైనచో తెరపై రంగులు కలుషితమగును. స్విచ్చి వేయగనే తీగచుట్టలో కరెంటు పారి ఆ దోషమును తొలగించును. వెంటనే పాజిస్టరు వేడెక్కి, తన నిరోధమును పెంచుకొని, ఆ కరెంటును దాదాపుగా ఆపివేయును. దాని పని తెలియక ఆ చోట వట్టి తీగముక్కను అతికినచో కరెంటు ఆగదు. తీగచుట్ట కాలిపోవును, అగ్నిప్రమాదము కూడ సంభవింపవచ్చును.

కనుక అనుభవజ్ఞుడు మొదట రాగిగీతలను అనుసరించి పోవును. అదే రకపు మరియొక మానిటరు దొరకినచో రెంటిని పోల్చిచూచును. నిశ్చయము కలుగువరకు టంకము పెట్టడు. విద్యార్థులు మాత్రము ఆ పెట్టెను విప్పరాదు. రంగుల ట్యూబులో 20,000 వోల్టులకు మించి ఉండును. ప్లగ్గు తీసిన తరువాతను కొంత విద్యుత్తు నిలిచియుండి ప్రాణాపాయము కలిగింపవచ్చును.

చిన్న భాగమని చులకన చేయరాదనుటకు ఈ తీరమే సాక్ష్యమిచ్చినది. 2010 డిసెంబరు 25న, అప్పటి నెల్లూరు జిల్లాలోని శ్రీహరికోటనుండి లేచిన జి.ఎస్.ఎల్.వి.-ఎఫ్ 06 రాకెట్టు నిమిషము తిరుగకముందే అదుపు తప్పెను. సంకేతములను చేరవేయు 10 కనెక్టర్లు అకాలమున ఊడిపోవుటయే కారణమని విచారణలో తేలినది.

పేరు చెరిగినంత మాత్రమున పని చెరిగిపోదు. ఎక్కడ నిలిచినది, ఎవరితో కలిసినది, ఏమి చేయుచున్నది అని ఓపికగా విచారించినవానికి అజ్ఞాతవాసములోని భాగమైనను తన నిజరూపమును చూపక మానదు.