పసిపిల్లల టైఫాయిడ్ టీకా: సహాయక కణాలు చేసే సాయం

టైఫాయిడ్ కలిగించే సాల్మొనెల్లా టైఫీ బాక్టీరియా చుట్టూ ‘వీఐ’ అనే పొర ఉంటుంది. అది చక్కెర అణువుల గొలుసు. ఆ పొరను శుద్ధి చేసి తయారుచేసిన పాత టీకా పెద్దలకు పనిచేసింది కానీ, రెండేళ్లలోపు పిల్లలకు పనికిరాలేదు. పెద్దల్లోనూ కొన్నేళ్లకే రక్షణ తగ్గిపోయేది.

కారణం మన లింఫోసైట్ల తీరులో ఉంది. యాంటీబాడీలను తయారుచేసేవి బి-లింఫోసైట్లు. బయటి పదార్థం తగలగానే అవి కొంత మేల్కొంటాయి. పూర్తిగా క్రియాశీలం కావాలంటే మాత్రం చాలా సందర్భాల్లో సహాయక టి-కణాల తోడు అవసరం. బి-కణం తాను పట్టుకున్న పదార్థాన్ని లోపలికి లాక్కుని, అందులోని ప్రోటీన్‌ను ముక్కలు చేసి, వాటిని తన పైపొర మీద ప్రదర్శిస్తుంది. ఆ ముక్కను గుర్తుపట్టిన సహాయక కణం తన మీదున్న ‘సీడీ40 లైగాండ్’ అనే అణువుతో బి-కణం మీది సీడీ40ని తాకుతుంది. ఇంటర్‌ల్యూకిన్లనే రసాయన సంకేతాలనూ విడుదల చేస్తుంది. అప్పుడే బి-కణాలు వేగంగా విభజన చెంది, మరింత మెరుగైన యాంటీబాడీలను, ఏళ్ల తరబడి నిలిచే జ్ఞాపక కణాలను ఇస్తాయి. పుట్టుకతోనే సీడీ40 లైగాండ్ లోపించిన మగపిల్లలు కొందరుంటారు. వారిలో బి-కణాలకు కొదవ లేదు. అయినా అవి ఐజీఎం అనే తొలిరకం యాంటీబాడీల దగ్గరే ఆగిపోతాయి, ఇన్ఫెక్షన్లు వదలవు.

చిక్కేమిటంటే, ఈ సహాయక కణాలు గుర్తుపట్టేది ప్రోటీన్ ముక్కలనే. వీఐ వంటి చక్కెర పొర వాటి కంట పడదు. సాయం అందని బి-కణాలు తమంతట తామే స్పందించాలి. పసిపిల్లల్లో ఆ శక్తి ఇంకా ఎదగదు.

హైదరాబాద్‌లోని భారత్ బయోటెక్ రూపొందించిన టైప్‌బార్-టీసీవీ టీకాలో వీఐ చక్కెరను టెటనస్ టాక్సాయిడ్ అనే ప్రోటీన్‌కు రసాయనికంగా అతికించారు. రెంటినీ ఒకే సిరంజిలో ఊరికే కలిపితే ఫలితం ఉండదు. అతికించడం వల్ల చక్కెరను పట్టుకున్న బి-కణంలోకి ప్రోటీన్ కూడా వెళ్తుంది. బయట కనిపించిన టెటనస్ ముక్కను చూసి సహాయక కణం స్పందిస్తుంది. దానికి టైఫాయిడ్ సంగతే తెలియదు. సాయం మాత్రం టైఫాయిడ్ యాంటీబాడీలు చేసే కణానికే అందుతుంది!

ఆరు నెలల పిల్లలకు కూడా వేయగల ఈ టీకాకు 2013లో భారత్‌లో అనుమతి లభించింది. నేపాల్‌లోని లలిత్‌పూర్‌లో దాదాపు 20,000 మంది పిల్లలపై జరిపిన పరీక్షలో, పోలిక కోసం వేరే టీకా పొందిన వారికంటే ఈ టీకా వేసుకున్న వారిలో టైఫాయిడ్ కేసులు 80 శాతానికి పైగా తక్కువగా నమోదయ్యాయి. 2019లో పాకిస్తాన్ దీన్ని సాధారణ టీకాల కార్యక్రమంలో చేర్చింది. సింధ్‌లో చాలా యాంటీబయాటిక్‌లకు లొంగని టైఫాయిడ్ పిల్లల్లో వ్యాపిస్తున్న రోజులవి.