ఊరి బయటి సైనికుని సమాధి: చరిత్ర, జనశ్రుతి

లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
• ఒక సమాధి చుట్టూ లభించే ఆధారాలను నాలుగు రకాలుగా విభజించగలుగుతారు.
• జనశ్రుతి ఏ ప్రశ్నకు ఆధారమవుతుందో, దేనికి కాదో వివరించగలుగుతారు.
• మీ ప్రాంతంలోని ఒక సమాధిని ఈ పద్ధతిలో పరిశీలించగలుగుతారు.

1. పరిచయం

స్థానిక చరిత్ర అనగానే మనకు కోటలు, శాసనాలు గుర్తుకొస్తాయి. అయితే చాలా ఊళ్లలో పొలిమేర దగ్గర ఒక సమాధో, వీరగల్లో కనిపిస్తుంది. అందులో ఉన్నది ఎవరో చెప్పగలిగినవారు కొద్దిమందే. దాని గురించిన కథ మాత్రం అందరికీ తెలుసు. ఈ రెండింటి మధ్య దూరాన్ని ఎలా అర్థం చేసుకోవాలి? హైదరాబాదులోని మొస్యు రేమండ్ సమాధిని ఉదాహరణగా తీసుకుని పరిశీలిద్దాం. ఇప్పుడది ఇళ్ల మధ్య ఉంది. 1798లో కట్టినప్పుడు మాత్రం నగరానికి దూరంగా, మూసీకి దక్షిణాన ఒక గుట్ట మీద ఉండేది.

2. లిఖిత ఆధారాలు

మిషెల్ జోవాకిం మరీ రేమండ్ 1755లో ఫ్రాన్సులోని గాస్కనీ ప్రాంతంలో, ఒక వర్తకుని ఇంట్లో పుట్టాడు. 1775లో వ్యాపారం కోసం పుదుచ్చేరి వచ్చి, తరువాత సైనిక వృత్తిలోకి మారాడు. కొంతకాలం మైసూరులో పనిచేశాడు. ఆపై బుస్సీ దగ్గర అధికారిగా ఉన్నాడు. 1757 నాటి బొబ్బిలి యుద్ధం ద్వారా తెలుగువారికి తెలిసిన బుస్సీ ఇతడే. బుస్సీ 1785లో చనిపోయాక రేమండ్ రెండవ అసఫ్‌జా నిజాం అలీఖాన్ కొలువులో చేరాడు.

దాదాపు 300 మందితో మొదలైన అతని దళం 1798 నాటికి సుమారు 14,000కు పెరిగింది. ఫిరంగుల తయారీకి అతడు నెలకొల్పిన కర్మాగారం పేరే నేటి గన్‌ఫౌండ్రీ. 1795 మార్చిలో మరాఠాలతో జరిగిన ఖర్దా యుద్ధంలో నిజాం ఓడిపోయినా రేమండ్ దళం గట్టిగా పోరాడింది. అదే ఏడు నిజాం కుమారుడు అలీజా తిరుగుబాటు చేస్తే, దాన్ని అణచినదీ రేమండే.

1798 మార్చి 25న రేమండ్ మరణించాడు. ఆ తరువాత ఆరు నెలలు గడవకముందే, సెప్టెంబరు 1న, నిజాం ఆంగ్లేయులతో సైన్య సహకార ఒప్పందం చేసుకున్నాడు. అక్టోబరు 22న ఫ్రెంచి దళాన్ని యుద్ధం లేకుండానే నిరాయుధం చేశారు. జీతాల బకాయిల కోసం సిపాయిలు అప్పటికే తమ అధికారుల మీద తిరగబడి ఉన్నారు.

ఆంగ్లేయుల రికార్డులను చదివేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం. వారికి ఈ దళం ప్రమాదకరమైన ఫ్రెంచి శక్తి. శత్రువు రాసిన కాగితం తేదీలకు పనికొస్తుంది గాని, జనం ఆ మనిషిని ఎలా చూశారో చెప్పదు.

3. కట్టడం ఇచ్చే ఆధారం

సమాధి మీద నల్లరాతి స్తంభం సుమారు 7 మీటర్ల ఎత్తున, పైకి పోనుపోను సన్నబడుతూ నిలిచి ఉంటుంది. దాని మీద చెక్కినవి జె.ఆర్. అనే పొడి అక్షరాలు. పక్కనే గ్రీకు పద్ధతిలో స్తంభాల మంటపం ఉంది. అది 2001లో కూలిపోగా మళ్లీ నిర్మించారు.

ఈ రూపం గుడిది కాదు, దర్గాది కాదు, చర్చిదీ కాదు. ఫలానా మతంవారిదని చెప్పే గుర్తేదీ ప్రస్ఫుటంగా లేని రాయికి ఎవరైనా తమ పద్ధతిలో దణ్ణం పెట్టుకోవచ్చు.

4. స్థలనామం

ముస్లింలు అతన్ని ‘మూసా రహీం’ అన్నారు, హిందువులు ‘మూసా రాం’ అన్నారు. ‘మొస్యు’ అనే ఫ్రెంచి గౌరవవాచకం మూసాగా మారింది. రేమండ్ అన్న పేరు ఒకరి చెవికి రహీంగా, మరొకరి చెవికి రాంగా వినిపించింది. పరాయి మాటను తెలిసిన మాటకు దగ్గరగా పలకడం జనభాషలో సహజమే. ఇక్కడ అదనంగా జరిగిందేమిటంటే, పేరుతో పాటు మనిషి కూడా తమవాడైపోయాడు. మూసారాంబాగ్ అనే పేట పేరు ఇప్పుడు మెట్రో స్టేషను బోర్డు మీద కూడా ఉంది. ఆ పేరు వెనుక ఒక ఫ్రెంచి సైనికుడున్నాడని అక్కడ రైలు దిగేవారిలో ఎందరికి తెలుసు?

5. ఆచారం

ఏటా మార్చి 25న జనం ఈ సమాధి దగ్గరికి వెళ్లి అగరొత్తులు వెలిగించి, కొబ్బరికాయలు సమర్పించేవారు. ఈ ఆచారం 20వ శతాబ్దిలోనూ కొనసాగింది. వర్ధంతి నాడు సమాధి దగ్గర గుమిగూడటం సూఫీల ఉర్సు పద్ధతి. కొబ్బరికాయ గుడి పద్ధతి. రెండూ ఇక్కడ కలిశాయి.

ఇది మన ప్రాంతానికి కొత్త కాదు. పోరులో పడినవారికి వీరగల్లులు నిలిపిన సంప్రదాయం మనది. పల్నాటి వీరులకు కారెంపూడిలో నేటికీ ఏటా ఉత్సవం జరుగుతుంది. పీర్ల పండుగలో హిందువులూ పాల్గొంటారు. ఇలాంటి సంప్రదాయం ముందే ఉండటం వల్లనే ఒక విదేశీ సైనికునికి కూడా అందులో చోటు దొరికిందని మనం భావించవచ్చు.

6. జనశ్రుతిని పరిశీలించే పద్ధతి

రేమండ్‌కు విషం పెట్టారని కొందరు, ఆత్మహత్య చేసుకున్నాడని కొందరు చెప్పుకున్నారు. ఈ మాటలను అతని మరణానికి కారణంగా రాసుకోకూడదు. అలాగని కొట్టిపారేయకూడదు. అతని మరణం తరువాత కొద్ది నెలల్లోనే రాజ్యంలో పలుకుబడి చేతులు మారింది. అలాంటి సమయంలో ఒక మరణం జనానికి అనుమానాస్పదంగా తోచిందనడానికి ఈ వదంతులు ఆధారం.

అంటే, ‘ఏం జరిగింది?’ అన్న ప్రశ్నకు జనశ్రుతి బలహీనమైన సాక్షి. ‘జరిగినదాన్ని జనం ఎలా తలచుకున్నారు?’ అన్న ప్రశ్నకు దాన్ని మించిన సాక్షి లేదు. పైగా ఈ సాక్ష్యం తొందరగా పోతుంది. కూలిన మంటపాన్ని మళ్లీ కట్టవచ్చు. నమోదు చేయకుండా ఆగిపోయిన ఆచారాన్ని తిరిగి తెలుసుకోవడం కష్టం.

మీ ప్రగతిని సరిచూసుకోండి

1. రేమండ్ పేరు రెండు రూపాలుగా మారడానికి కారణమేమిటి?
2. ఆంగ్లేయుల రికార్డులను వాడేటప్పుడు ఎందుకు జాగ్రత్త పడాలి?

సారాంశం

కాగితం తేదీలను, రాయి రూపాన్ని, స్థలనామం జనం పలుకుబడిని, ఆచారం జనం అభిమానాన్ని తెలుపుతాయి. ఒకదాని పని మరొకదానికి అప్పగించకుండా నాలుగింటినీ పక్కపక్కన ఉంచి చదవడమే స్థానిక చరిత్రకారుని పని.

అభ్యాస కృత్యం

మీ ఊరి పొలిమేరలో ఉన్న ఒక సమాధిని లేదా వీరగల్లును చూసి రండి. కొలతలు, చెక్కడాలు రాసుకోండి. ముగ్గురు పెద్దవారిని విడివిడిగా అడిగి, వారు చెప్పినది వారి మాటల్లోనే నమోదు చేయండి. ముగ్గురి కథల్లో తేడా ఉంటే సరిదిద్దకండి. ఆ తేడా ఎక్కడ మొదలైందో గుర్తించి, ఒక పుటలో వివరించండి.