అచ్చుచిత్రముల ఇచ్చిపుచ్చుకోలు

నిడదవోలు జంక్షను నుండి భీమవరము, గుడివాడల మీదుగా మచిలీపట్నము పోవు రైలుమార్గమున పెడన యను ఊరు గలదు. అచ్చటి పనివారు టేకు దిమ్మలపై పూలు, లతలు చెక్కి, రంగులద్ది బట్టలపై ముద్రింతురు. 17వ శతాబ్దిలో మచిలీపట్నము రేవునుండి అద్దకపు బట్టలు పారశీకమునకు, ఐరోపాకు ఓడలపై పోయెడివి. అట్టి దిమ్మను బట్టకు మారుగా కాగితముపై ఒత్తినచో అది అచ్చుచిత్రమగును.

ఒకే దిమ్మనుండి పెక్కు ప్రతులు వచ్చుట ఈ కళ విశేషము. కావుననే వివిధ దేశముల చిత్రకారులు, పండుగనాడు ఇరుగుపొరుగువారు పిండివంటలు పంచుకొన్నట్లు, తమ చిత్రములను పరస్పరము పంచుకొందురు. చిత్తూరు జిల్లా నందనూరులో 1925లో జన్మించిన కృష్ణారెడ్డిగారు శాంతినికేతనమున చదివి, పారిస్‌లోని ‘అతెలియే 17’ ముద్రణశాలలో నానాదేశీయులతో కలిసి పనిచేసిరి. చిక్కదనమున భేదించు రంగులను ఒకే రేకుపై ఎక్కించి ముద్రించు పద్ధతిని అచట పెంపొందించిరి. 1972లో పద్మశ్రీ పొందిరి.

ఈ పంపకము లెక్క సులభమైనది. ఇరువదిమంది చేరిరనుకొందము. ఒక్కొక్కరు 21 ప్రతులు పంపవలెను. మొత్తము 420. నిర్వాహకుడు ఒక్కొక్కరి చిత్రమునుండి ఒక్కొక్క ప్రతి చొప్పున తీసి 21 కట్టలు కట్టును. ఇరువది కట్టలు చిత్రకారులకు చేరును; మిగిలిన ఒక కట్ట ప్రజల ప్రదర్శనకు నిలుచును. ప్రతి చిత్రము అడుగున పెన్సిలుతో 3/21 అని వ్రాసినచో, 21 ప్రతులలో అది మూడవదని అర్థము.

అయితే ఒక్కరు గడువు తప్పినను అందరి కట్టలును ఆగిపోవును. కాగితపు కొలత, గడువు, తిరుగు తపాలా ఖర్చు ముందుగానే వ్రాతపూర్వకముగా తెలుపవలెను. చిత్రములను మడువక గట్టి అట్టల నడుమ నుంచి, తడి తగులకుండ చుట్టి పంపవలెను. విదేశములకు పంపు కట్టపై లోపలి వస్తువేదో, దాని విలువ యెంతో సుంకపు పత్రమున నిజముగా వ్రాయవలెను.

ఇందు పంచాయతీ చేయవలసినదేమి? నిడదవోలు పరిసర గ్రామములలో బొమ్మలు గీయు బాలబాలికలు లేకపోలేదు. వారికి కావలసినది చోటు, ప్రోత్సాహము. పాఠశాలలోగాని, గ్రంథాలయములోగాని చెమ్మ తగులని గది యొకటి చూపవలెను. వచ్చిన ప్రతులను, పోయిన ప్రతులను పుస్తకమున నమోదు చేయింపవలెను. మన గోదావరి సీమలో వానకాలపు చెమ్మ కాగితమునకు శత్రువు. కావున ఈ పనిని కార్తికము తరువాత పెట్టుకొనుట మేలు.

ఎక్కడి వారో తమ శ్రమఫలమును మనలను నమ్మి పంపుదురు. ఒక్క ప్రతి పోయినను పోవునది కాగితము కాదు, ఊరి మాట. ఆ మాట నిలుపు బాధ్యతను సభ్యులు స్వీకరింతురని మా విశ్వాసము.