పిడుదులు కుక్క మీదకన్నా గోడల్లోనే ఎక్కువ

హైదరాబాద్ శివారు నాగారం, రాంపల్లి, దమ్మాయిగూడ వైపు కొత్త కాలనీల్లో ఇంటి పక్కన ఖాళీ ప్లాటు, అందులో పిచ్చి మొక్కలు, గేటు నీడన వీధి కుక్కలు మామూలే. పెంచుకుంటున్న కుక్కకు పిడుదులు పట్టగానే మన అనుమానమంతా ఆ మొక్కల మీదికే పోతుంది. వాటిని కొట్టించేస్తాం, కుక్కకు స్నానం చేయిస్తాం, కనబడ్డవాటిని ఏరేస్తాం. కొన్నాళ్లకు చెవుల్లో, వేళ్ల సందుల్లో మళ్లీ అవే.

మన కుక్కలకు ఎక్కువగా పట్టేది గోధుమరంగు కుక్కపిడుదు, శాస్త్రీయనామం రైపిసెఫాలస్ సాంగ్వినియస్. పిడుదుల్లో చాలా జాతులకు ఆరుబయలు కావాలి. దీనికి మాత్రం ఇల్లే చాలు. గుడ్డులోంచి వచ్చిన ఆరుకాళ్ల పిల్ల కుక్కనెక్కి రక్తం తాగి రాలిపోతుంది. ఏదో పగులులో దాక్కుని కుబుసం విడిచి, ఎనిమిది కాళ్లతో మళ్లీ ఎక్కుతుంది. ఇంకోసారి తాగి, రాలి, పెద్దదై మూడోసారి ఎక్కుతుంది. ఆముదపు గింజలా ఉబ్బిన ఆడది చివరికి దిగిపోయి, నాలుగు వేల దాకా గుడ్లు పెట్టి చచ్చిపోతుంది. పైకి పాకడం దీని అలవాటు. అందుకే గుడ్లు గోడ పగుళ్లలో, తలుపు చట్రం వెనక, పోర్టికో కప్పు అంచుల్లో ఉంటాయి. పెద్ద పిడుదు తిండి లేకుండా నెలల తరబడి బతుకుతుంది. కుక్క మీద మనకు కనబడేవి ఆ సంతతిలో కొన్నే.

దురద ఒక్కటే అయితే ఇంత కంగారు అక్కర్లేదు. పిడుదులు రోగాలను కూడా మోసుకొస్తాయి. 1893లో అమెరికాలో థియోబాల్డ్ స్మిత్, కిల్బోర్న్ పశువుల టెక్సాస్ జ్వరం పిడుదుల వల్లే పాకుతుందని రుజువు చేశారు. ఆ జ్వరానికి కారణమైన బెబీసియాకు దాయాదులైన పరాన్నజీవులే ఇవాళ మన కుక్కల ఎర్రరక్తకణాలను పగలగొడుతున్నాయి. చిగుళ్లు పాలిపోతాయి, మూత్రం ముదురు రంగులో వస్తుంది. ఎర్లీషియా అనే బ్యాక్టీరియా సోకితే ప్లేట్‌లెట్లు పడిపోతాయి, కొన్ని కుక్కలకు ముక్కులోంచి రక్తం కారుతుంది. ఈ పిడుదు మనుషులకు కూడా ఇండియన్ టిక్ టైఫస్ అంటించగలదు.

అంటుకున్న పిడుదును సన్నని పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టుకుని, మెలిపెట్టకుండా నిదానంగా లాగి స్పిరిట్‌లో వేయండి. కిరోసిన్ పోయడం, అగ్గిపుల్లతో కాల్చడం వద్దు. వేళ్లతో నలపొద్దు.

మందు డాక్టరు కుక్క బరువు చూసి రాయాలి. ఫ్లూరలానర్ మాత్ర దాదాపు పన్నెండు వారాలు, అఫాక్సొలానర్ ఒక నెల పనిచేస్తాయి. కుక్కకు మూర్ఛలుంటే ముందే చెప్పండి. మెడ వెనక వేసే ఫిప్రోనిల్ చుక్కలకు రెండు రోజుల ముందు, తర్వాత స్నానం వద్దు. పశువుల మందు అందాజాగా నీళ్లలో కలిపి పూయడం మన దగ్గర చాలాచోట్ల చూస్తాం. అది ప్రమాదం. కుక్కల కోసం చేసిన పెర్మెత్రిన్ అయినా ఇంట్లో పిల్లి ఉంటే దాని ప్రాణం తీయగలదు.

మందుతో పాటే పగుళ్లు సిమెంటుతో పూడ్పించండి. కుక్క పడుకునే గుడ్డలు వేడినీళ్లలో ఉతకండి. అనుకూలమైన వేడిలో గుడ్డు నుంచి గుడ్డు దాకా రెండు మూడు నెలలు పడుతుంది కాబట్టి, పిడుదులు కనబడకపోయినా మూడు నాలుగు నెలలు మందు ఆపకూడదు. చాలా ఇళ్లలో ఓడిపోయేది ఇక్కడే.

పిడుదులు పట్టిన కుక్క తిండి మానేసి, ఒళ్లు కాలుతుంటే ఇంట్లో మాత్రలు వేసి చూడకండి. నారాయణగూడ ప్రభుత్వ పశువైద్యశాలకో, దగ్గరలోని డాక్టరు దగ్గరికో అదే రోజు తీసుకెళ్లి రక్తపరీక్ష చేయించండి. ఎర్లీషియాను తొలిదశలో పట్టుకుంటే డాక్సీసైక్లిన్‌తో చాలా కుక్కలు కోలుకుంటాయి.