స్కూటర్ మోటార్‌లో మాగ్నెట్ ఎందుకు తిరగబడదు?

బాచుపల్లి నుంచి హైటెక్ సిటీ వెళ్లే దారిలో ఎలక్ట్రిక్ స్కూటర్లు చూస్తూనే ఉంటారు కదా. వాటిలో చాలావాటి మోటార్లో ఉండేది నియోడిమియం మాగ్నెట్. మీ ఫోన్ స్పీకర్‌లోనూ అదే.

2025 ఏప్రిల్‌లో చైనా ఏడు రేర్ ఎర్త్ మెటల్స్ ఎగుమతికి లైసెన్స్ తప్పనిసరి చేసింది. తమాషా ఏంటంటే, ఆ లిస్టులో నియోడిమియం లేదు. డిస్ప్రోసియం, టెర్బియం, సమేరియం ఉన్నాయి. మరి మోటార్లు తయారు చేసేవాళ్లు ఎందుకు కంగారుపడ్డారు?

ఈ మాగ్నెట్‌లో 2 నియోడిమియం ఆటమ్‌లకి 14 ఇనుము, 1 బోరాన్ ఉంటాయి. బలం ఎక్కువగా ఇనుముదే. కానీ ఉత్త ఇనుముకి నిలకడ లేదు, ఎదురు ఫీల్డ్ తగిలితే చటుక్కున తిరిగిపోతుంది. దాన్ని ఒకే దిశలో పట్టి ఉంచేది నియోడిమియం.

ఎలాగంటే, నియోడిమియం లోపలి 4ఎఫ్ ఎలక్ట్రాన్ల మేఘం బంతిలా ఉండదు, ఇడ్లీలా చదునుగా ఉంటుంది. ఇడ్లీ మధ్యలో నిలువుగా టూత్‌పిక్ గుచ్చారనుకోండి, అదే దాని మాగ్నెటిక్ దిశ. చుట్టుపక్కల ఆటమ్‌ల ఎలక్ట్రిక్ ఫీల్డ్, అంటే క్రిస్టల్ ఫీల్డ్, ఆ ఇడ్లీని పడుకోబెట్టేస్తుంది. టూత్‌పిక్ నిటారుగా లాక్. దానితో ముడిపడిన ఇనుమూ లాక్.

అదే ఇంట్లో నియోడిమియం బదులు సమేరియం పెట్టండి. దాని మేఘం దొండకాయలా పొడుగు, టూత్‌పిక్ కూడా పొడుగునా ఉంటుంది. క్రిస్టల్ ఫీల్డ్ దాన్నీ పడుకోబెడుతుంది. పడుకున్న పుల్ల ఎటైనా తిరుగుతుంది, ఇక పర్మనెంట్ మాగ్నెట్‌గా పనికిరాదు! కోబాల్ట్ క్రిస్టల్‌లో మాత్రం ఫీల్డ్ రివర్స్, దొండకాయ నిలబడుతుంది. 2023 మే 11న ప్రధాని జాతికి అంకితం చేసిన విశాఖ ఐఆర్‌ఈఎల్ ప్లాంటులో చేసేది ఈ సమేరియం-కోబాల్ట్ మాగ్నెట్లే. కెపాసిటీ ఏడాదికి 3,000 కిలోలు. మన కంచన్‌బాగ్ డీఎంఆర్‌ఎల్, బార్క్ కలిసి డెవలప్ చేసిన టెక్నాలజీ అది. కానీ కోబాల్ట్ ఖరీదు, స్కూటర్లకి గిట్టుబాటు కాదు.

సరే, అసలు చిక్కు వేడి. మోటార్ వేడెక్కేకొద్దీ నియోడిమియం ఇడ్లీలు ఊగుతాయి, పట్టు సడలుతుంది. డిస్ప్రోసియం మేఘం కూడా చదునే, పట్టు మాత్రం ఇంకా గట్టిది. అందుకే కొంచెం కలుపుతారు. ఎక్కువ కలిపితే నష్టం, ఎందుకంటే దాని దిశ ఇనుముకి వ్యతిరేకం, మొత్తం బలం తగ్గుతుంది. పైగా లైసెన్స్ లిస్టులో ఉన్నదే అది. మాగ్నెట్ తిరగబడటం సాధారణంగా గ్రెయిన్ల అంచుల దగ్గర మొదలవుతుంది కాబట్టి, ఇప్పుడు డిస్ప్రోసియంని మొత్తం కలపకుండా ఆ అంచులకి మాత్రమే ఎక్కించే పద్ధతి వాడుతున్నారు.