అగ్నిపర్వతద్వీపమున మునగాకు

హిందూమహాసముద్రమున, మడగాస్కరునకు తూర్పుగా, రెయూనియన్ అను ద్వీపము గలదు. అది ఫ్రాన్సు దేశమునకు జెందినది. అగ్నిపర్వతములు సముద్రగర్భమునుండి పైకి లేచుటచే నేర్పడిన భూమి యది. గడచిన సెలవులలో మావారితో గూడి మేమా ద్వీపమును జూచి వచ్చితిమి. కొండను జూడబోయి వంటయింట నిలిచిపోతిమన్నచో సోదరీమణులు నవ్వక విందురుగాక!

అచ్చటి యగ్నిపర్వతమునకు పిటోన్ ద లా ఫూర్నేజ్ అని పేరు. కొలిమికొండ యని యర్థము. ఎత్తు 2,632 మీటర్లు. ప్రొద్దెక్కినకొలది మబ్బు క్రమ్మును గావున వేకువనే బయలుదేరితిమి. దారిలో గడ్డిపోచయైన లేని యెఱ్ఱని బుగ్గిమైదానమును దాటి, కొండ యంచున నిలిచి క్రిందికి జూచితిమి. నల్లగా గడ్డకట్టిన రాతిప్రవాహములు కనుచూపు మేర వ్యాపించియున్నవి.

1977లో ఆ ప్రవాహము సెయింట్ రోజ్ ప్రాంతమందలి యొక గ్రామముపైకి వచ్చెను. జనులు ముందుగనే తరలిపోయిరి. కొన్ని యిండ్లు కాలిపోయెను. చర్చి ముంగిట మాత్రము ప్రవాహము రెండుపాయలై, వాకిటిలోనికి కొంత చొచ్చి, అచ్చటనే యాగెను. ఆ నల్లని రాయి నేటికిని గోడల నానుకొని యున్నది.

ఇట్టి నేలపైననే చెఱకును వనిల్లాయును పండుచున్నవి. వనిల్లాపూవును చేతితో ఫలింపజేయు సులభోపాయమును 1841లో కనిపెట్టినవాడు ఎడ్మండ్ ఆల్బియస్ అను పండ్రెండేండ్ల బానిసబాలుడు.

1828 ప్రాంతమున మన గోదావరీతీరమందలి యానామునుండి తెలుగు కూలీలు కొందఱీ ద్వీపమునకు ఓడ యెక్కిరి. 1848లో బానిసత్వము రద్దయిన పిదప దక్షిణదేశమునుండి, ముఖ్యముగా తమిళసీమనుండి, వేలకొలది జనము చెఱకుతోటల పనికి వచ్చిరి.

వారి సంతతివారు పెక్కుమంది గల సెయింట్ ఆంద్రే పట్టణమున ఒక యవ్వగారింట భోజనము చేసితిమి. మేము పోవునప్పటికి ఆమె కట్టెలపొయ్యి యెదుట గూర్చుండి మునగాకు దూయుచుండెను. మేమును ప్రక్కన గూర్చుండి దూయసాగితిమి. ఆ యాకును వారు మూరూమ్ అందురు. వెల్లుల్లియు అల్లమును వేసి వండిరి. అన్నము, పప్పు, పసుపు వేసిన కూర వడ్డించిరి. టమాటాలు, ఉల్లి, పచ్చిమిరపకాయలు రోట నూరిన పచ్చడికి రుగాయ్ అని పేరు. అది తమిళుల ఊరుగాయ్, అనగా మన యూరగాయయే యని చెప్పుదురు.

దుబాసి మూలమున అవ్వగారిని మీ పెద్దలదే యూరని యడిగితిమి. ఆమె తల యూపి, ఇండియాయని మాత్రమెఱుగుదుననెను. ఏ భాషయో యెఱుగదు. ఈ యాకును మీరేమందురని మమ్ము దిరిగి యడిగెను. మునగ యంటిమి. ఆమె రెండుమార్లు మెల్లగా మునగ, మునగ యని పలికి, తన కోడలిచేతను పలికించెను.

మా కన్నులు చెమర్చినవి. తాతముత్తాతల భాష పోయెను, ఊరు పోయెను. వంటయింటిలోని యాడువారి నోట నాలుగు మాటలు మిగిలినవి. ఇంట మా పెద్దపిల్ల మునగకాడను డ్రమ్‌స్టిక్ అనుచుండగా నవ్వి యూరకుండెడివారము. సముద్రము దాటకయే పోగొట్టుకొనుచున్నామని అచ్చట దెలిసినది.

ఇల్లు చేరిన మఱునాడు, పెరటిలోని మునగరెమ్మ నొకటి విఱిచి తెచ్చి, పిల్లలను ప్రక్కన గూర్చుండబెట్టుకొని ఆకు దూయించితిమి.