లెక్క తప్పే గుద్దులు

బాక్సింగ్ రింగ్‌లో పడే ప్రతి పంచ్‌కూ ఇప్పుడు ఒక అంకె ఉంది. ఆ అంకెలో తప్పు ఎంత ఉండొచ్చో మాత్రం తెర మీద కనిపించదు. ఆ తప్పును కొలిచే ఉపాయం ఒకటి ఎనిమిది దశాబ్దాల కిందటే కోల్‌కతాలో తయారైంది.

కోల్‌కతా రేవు పక్కనే ఉండే ఖిదిర్‌పూర్‌కు బాక్సింగ్ కొత్త కాదు. ఈ పేట నుంచి వెళ్లిన మహమ్మద్ అలీ కమర్ 2002లో మాంచెస్టర్ కామన్వెల్త్ క్రీడల్లో లైట్ ఫ్లైవెయిట్ విభాగంలో స్వర్ణం గెలిచాడు. ఆ క్రీడల చరిత్రలో బాక్సింగ్‌లో భారత్‌కు దక్కిన తొలి బంగారు పతకం అదే. ఆ ఏడాదే అర్జున అవార్డూ వచ్చింది. ఇలాంటి పేటల్లో పతకం అంటే గోడకు వేలాడదీసుకునే వస్తువు కాదు. రైల్వేలోనో, సైన్యంలోనో, పోలీసు శాఖలోనో క్రీడల కోటా ఉద్యోగానికి అది దారి. అందుకే ఒక పంచ్ లెక్కలోకి వచ్చిందా, రాలేదా అన్నది కుర్రాళ్లకు జీవన్మరణ సమస్య.

ఇంతకీ పంచ్‌లను లెక్కపెట్టేదెవరు? ప్రొఫెషనల్ బాక్సింగ్‌లో ఎక్కువగా వినిపించే పేరు కంప్యూబాక్స్. 1985లో అమెరికాలో మొదలైన ఈ సంస్థ పేరులో కంప్యూటర్ ఉన్నా లెక్కపెట్టేది మనుషులే. రింగ్ పక్కన ఇద్దరు ఆపరేటర్లు కూర్చుంటారు. ఒక్కొక్కరు ఒక్కో బాక్సర్‌నే గమనిస్తారు. ముందు చేత్తో విసిరే జాబ్ తగిలితే ఒక బటన్, తప్పితే మరొకటి. మిగతా పంచ్‌లు తగిలితే ఒకటి, తప్పితే ఇంకొకటి. జాబ్ కానిదల్లా ఇక్కడ 'పవర్ పంచ్' ఖాతాలోకే వెళ్తుంది. దాని వెనుక నిజంగా ఎంత బలముందన్న దానితో పనిలేదు.

చిక్కంతా 'తగలడం' దగ్గరే ఉంది. ప్రత్యర్థి గ్లోవ్‌ను రాసుకుంటూ పోయి చెంపకు తాకిన గుద్దు ఏ ఖాతాలోకి? బాక్సర్ వీపు ఇటు తిరిగి ఉన్నప్పుడు డొక్కలో పడిన పంచ్ ఎవరికి కనిపిస్తుంది? రెప్పపాటులో మూడు నాలుగు గుద్దులు కురిస్తే వేలు కంటితో సమానంగా కదలగలదా? ఆపరేటర్లు ఎంత అనుభవజ్ఞులైనా ఈ ప్రశ్నలు తప్పవు.

అలాగని ఆ లెక్కలన్నీ చెత్తబుట్టలో పడేయాల్సినవేమీ కావు. 2012లో మానీ పాకియావ్, టిమోతీ బ్రాడ్లీ తలపడినప్పుడు కంప్యూబాక్స్ లెక్క ప్రకారం పాకియావ్ 253 పంచ్‌లు తగిలిస్తే బ్రాడ్లీ తగిలించినవి 159. అయినా ముగ్గురు జడ్జీల్లో ఇద్దరు బ్రాడ్లీకే ఓటేశారు. 94 పంచ్‌ల తేడా ఉన్నచోట ఆపరేటర్ ఇరవై ముప్పై తప్పు లెక్కపెట్టినా మొత్తం చిత్రం మారదు. అదే తేడా అయిదో ఆరో అయితే? అప్పుడు తెర మీది అంకె సాక్ష్యం కాదు, ఒక అభిప్రాయం మాత్రమే. ఈ రెండు సందర్భాల్లోనూ అంకె ఒకే ధీమాతో కనిపించడమే ప్రేక్షకుణ్ని తప్పుదోవ పట్టిస్తుంది.

అమెచ్యూర్ బాక్సింగ్ ఈ పాఠాన్ని ఖరీదు చెల్లించి నేర్చుకుంది. 1988 సియోల్ ఒలింపిక్స్ ఫైనల్లో అమెరికా టీవీ లెక్క ప్రకారం రాయ్ జోన్స్ 86 పంచ్‌లు తగిలించాడు. కొరియా బాక్సర్ పార్క్ సి-హున్ తగిలించినవి 32. స్వర్ణం మాత్రం 3-2 ఓట్లతో పార్క్‌కే దక్కింది. ఆ గొడవ తర్వాత జడ్జీల ఇష్టాయిష్టాలకు కళ్లెం వేయాలని ఒలింపిక్స్‌లో కంప్యూటర్ స్కోరింగ్ తెచ్చారు. అయిదుగురు జడ్జీల్లో కనీసం ముగ్గురు ఒక్క సెకను వ్యవధిలో బటన్ నొక్కితేనే పాయింటు.

తొలిసారి వాడిన 1992 బార్సిలోనాలోనే ఆ యంత్రం బోల్తా పడింది. అమెరికాకు చెందిన ఎరిక్ గ్రిఫిన్ 5-6తో స్పెయిన్ బాక్సర్ రఫాయెల్ లొజానో చేతిలో ఓడిపోయాడు. విడివిడిగా చూస్తే అయిదుగురు జడ్జీలూ గ్రిఫిన్‌కే ఎక్కువ పంచ్‌లు నమోదు చేశారు. కానీ వాళ్ల వేళ్లు ఒకే సెకనులో కలవలేదు. అందరూ గెలిచాడన్నవాణ్ని కూడిక నిబంధన ఓడించింది.

ఆ బాధ భారత్‌కూ తెలుసు. 2012 లండన్ ఒలింపిక్స్‌లో సుమిత్ సాంగ్వాన్ బ్రెజిల్ బాక్సర్ యమగుచి ఫల్కావ్ చేతిలో 14-15తో ఓడాడు. భారత జట్టు అభ్యంతరం ఫలించలేదు. ఒక్క పాయింటు తేడాను నమ్మకంగా కొలవగల సామర్థ్యం ఆ పద్ధతికి ఉందా అన్న అసలు ప్రశ్నకు స్కోరు బోర్డు దగ్గర జవాబు లేదు.

ఆ జవాబు వెతికే పద్ధతి ఖిదిర్‌పూర్ ఉన్న నగరంలోనే పుట్టడం విశేషం. తెలుగువారికి సి.ఆర్.రావు పేరుతో ఆత్మీయమైన ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌ను 1931లో కలకత్తాలో ప్రారంభించింది ప్రశాంత చంద్ర మహలనోబిస్. 1937 నుంచి బెంగాల్‌లో జనపనార సాగు విస్తీర్ణంపై నమూనా సర్వేలు చేపట్టిన ఆయనకు బాక్సింగ్ జడ్జీల చిక్కే ఎదురైంది. పొలం కొలిచేదీ మనిషే, పొరపాటు పడేదీ మనిషే. దానికి ఆయన కనిపెట్టిన విరుగుడు సరళమైనది. ఒకే ప్రాంతం నుంచి రెండు నమూనాలు తీసి, రెండు వేర్వేరు బృందాలను ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా పంపించారు. ఇద్దరి అంచనాలూ దగ్గరగా ఉంటే నమ్మొచ్చు. దూరంగా ఉంటే ఆ దూరమే ఆ లెక్కలో ఎంత తప్పుందో చెబుతుంది.

ఈ సూత్రాన్ని రింగ్ దగ్గరికి తేవడం కష్టమేమీ కాదు. ఒక్కో బాక్సర్‌కు ఒకరికి బదులు ఇద్దరు ఆపరేటర్లను, వేర్వేరు వైపుల కూర్చోబెట్టి, రెండు లెక్కలనూ బయటపెట్టాలి. బౌట్ ముగిశాక నెమ్మదిగా నడిచే వీడియోలో మళ్లీ లెక్కపెట్టి పోల్చాలి. '148' అని కాకుండా '140 నుంచి 155 మధ్య' అని చూపిస్తే ప్రేక్షకుడికి కాస్త ఉత్సాహం తగ్గొచ్చు కానీ నిజం దక్కుతుంది. రేపు కెమెరాలు, కృత్రిమ మేధ వచ్చి లెక్కపెట్టినా వాటికీ ఇదే పరీక్ష పెట్టాలి.

పంచ్‌ల సంఖ్యే సర్వస్వం కాదన్న వాదనా న్యాయమైనదే. పది తేలిక గుద్దుల కంటే ప్రత్యర్థిని తూలిపోయేలా చేసిన ఒక్క గుద్దు గొప్పది. ఆ ఆలోచనతోనే 2013 నుంచి అమెచ్యూర్ బాక్సింగ్ బటన్లను వదిలి రౌండుకు పది పాయింట్ల పద్ధతికి మారింది. దాంతో వివాదం చోటు మార్చుకుందే తప్ప సమసిపోలేదు. 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో మేరీ కోమ్ మూడు రౌండ్లలో రెండింటిని మెజారిటీతో గెలిచినా కొలంబియాకు చెందిన ఇంగ్రిట్ వాలెన్సియా చేతిలో 2-3తో ఓడింది. అప్పుడు భారత మహిళల జట్టు చీఫ్ కోచ్ ఖిదిర్‌పూర్‌కు చెందిన కమరే. మరుసటి ఏడాది ఇస్తాంబుల్‌లో నిజామాబాద్ అమ్మాయి నిఖత్ జరీన్ 5-0తో ప్రపంచ చాంపియన్ అయినప్పుడు లెక్కల గొడవే రాలేదు. స్పష్టమైన గెలుపును ఏ పద్ధతైనా పట్టుకోగలదు. హోరాహోరీ పోరులోనే దాని సత్తా బయటపడుతుంది.

బక్క పల్చటి కుర్రాళ్లు సంచులను గుద్దుతూ కలలు కనే జిమ్‌లకు గెలుపు ఓటముల మధ్య దూరం తరచూ ఒకటి రెండు పంచ్‌లే. ఆ దూరాన్ని కొలిచేవాళ్లు తమ కొలబద్ద ఎంత వంకరో కూడా చెప్పాలని కోరడం ఆ కుర్రాళ్ల హక్కు.